ముందు చక్రాలకు పని

మౌలాలీకి మోటార్ల పని రాదు. ఈ సంగతి గురజాల మొత్తం మీద ఇద్దరికే తెలుసు. ఒకరు మౌలాలీ, రెండోవారు అతని పెళ్లాం జాన్‌బీ.

అలాగని అతను అబద్ధమాడి మోసం చేసిన మనిషి కాడు. యుద్ధం రోజుల్లో మిలిటరీ వాళ్లతో అస్సాం వెళ్లి, అక్కడి మోటార్ల షెడ్డులో మూడేళ్లు పనిచేసి వచ్చాడు. మూడేళ్లూ చేసింది ఒకటే పని. విప్పిన సామాను తెచ్చి ముందు పడేస్తే కిరసనాయిలు తొట్టిలో ముంచి, బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి వరసగా పేర్చేవాడు. వాటిని మళ్లీ బిగించే షెడ్డు రోడ్డుకు అవతల ఉండేది. అటు వెళ్లడానికి అతనికి పాసు లేదు. అందువల్ల మోటారులో ఉండే ప్రతి ఇరుసూ, ప్రతి పళ్ల చక్రమూ అతనికి పేరుపేరునా తెలుసు. అవి ఒకదాని పక్కన ఒకటి ఎలా కూర్చుంటాయో మాత్రం తెలియదు. ఊరికి తిరిగొచ్చాక ఎవరైనా “మోటార్లు బాగా తెలుసా?” అని అడిగితే “చానా చూశా” అనేవాడు. అది నిజమే. ఆ నిజం మీదే ‘మిలిటరీ మౌలాలీ’ అన్న పేరు నిలబడింది. బజారులో చిన్న కొట్టు పెట్టుకుని కుట్టుమిషన్లు, పెట్రోమాక్స్ లైట్లు, అప్పుడప్పుడూ ఆయిలింజన్లు బాగుచేసుకుంటూ, మోటారు మాత్రం తన గుమ్మంలోకి రాకుండా చూడమని అల్లాను వేడుకుంటూ ఉండేవాడు. ఆ చుట్టుపక్కల మోటార్లే తక్కువ కాబట్టి ఆ మొర కొంతకాలం ఫలించింది.

నలభై ఆరు ఆషాఢంలో ఫలించడం మానేసింది. తుమ్మలమెట్ట రంగనాయకమ్మ అతని కోసం బండి పంపింది.

గురజాలకు ఐదు మైళ్లలో ఉంటుంది తుమ్మలమెట్ట. అక్కడ రంగనాయకమ్మ పెద్ద ఆసామి. మొగుడు పోయి పన్నెండేళ్లయింది. ఆయన వదిలిపోయిన వాటిలో ముఖ్యమైనవి రెండు: టాపు లేని పాత కారు ఒకటి, తమ్ముడు పుల్లయ్యతో తగాదా ఒకటి. ఆమె రెంటినీ ఆపకుండా నడుపుతోంది. అన్నదమ్ములు పెద్దిల్లు పంచుకుని నడిమధ్య గోడ పెట్టినప్పుడు ఇరవై రెండు అడుగుల టేకు దూలం ఒకటి సగం ఇటూ సగం అటూ ఉండిపోయింది. అది మొత్తం నాదంటే నాదని వదినా మరుదులు పదకొండేళ్లుగా కోర్టుకు తిరుగుతున్నారు. ఎవరు గెలిచినా దాన్ని తీసుకుపోయేది లేదు. తీస్తే రెండిళ్లూ కూలతాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఈ పదకొండేళ్లలో వాళ్లు ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. చెప్పదలుచుకున్నదేదైనా ప్లీడర్లు చెప్పేవారు.

మౌలాలీ వెళ్లేసరికి రంగనాయకమ్మ వసారాలో కూర్చుని చేటలో కందులు ఏరుతోంది.

“నా కారు బురదలో దిగబడింది. ఇన్నావా?”

“విన్నానమ్మా.”

“ఎద్దుల్ని కట్టి లాగిచ్చారు. అదీ ఇన్నావా?”

“విన్నానమ్మా.”

“ఎవరి ఎద్దులో ఇన్నావా?”

మౌలాలీ నేలచూపులు చూశాడు. అది వినని వాళ్లు తాలూకాలోనే లేరు. ఆ ఎద్దులు పుల్లయ్యవి. దారిన పోతున్న అతని పాలేరు, వెనకాముందూ ఆలోచించకుండా జాలిపడి కట్టాడు. అది చాలదన్నట్టు, కారు ఎద్దుల వెనక ఊళ్లోకి వస్తుంటే పుల్లయ్య తన కొత్త జీపులో ఎదురొచ్చాడు. మిలిటరీ వాళ్లు బెజవాడలో వేలం వేస్తే కొన్న జీపు అది. కారు దిగబడిన ఆ నల్లరేగడి బురదలోకే, గేదె చెరువులోకి దిగినంత సుఖంగా దిగి, అవతలికి ఎక్కి వెళ్లిపోయింది. పోతూ పోతూ పుల్లయ్య హారనైనా కొట్టలేదు. కొట్టి ఉంటే తిట్టడానికి వీలుండేదని రంగనాయకమ్మ బాధ.

“ఆ జీపుకేముందిరా, నా కారుకు లేంది?”

ఇది మాత్రం మౌలాలీకి తెలిసిన సంగతి. హుషారుగా చెప్పాడు. “దానికి నాలుగు చక్రాలూ లాగతాయమ్మా. మీ కారుకు వెనక రెండే లాగతాయి. ముందు రెండూ ఊరికే దొర్లుతా పోతాయి.”

రంగనాయకమ్మ చేట కింద పెట్టింది. లేచి వాకిట్లో ఉన్న కారు దగ్గరికి పోయి, ముందు చక్రాల ఎదుట నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“పదహారేళ్ల నుంచీ ఇదా మీరు ఎలగబెడతా ఉంది?” అంది వాటితో. తర్వాత మౌలాలీ వైపు తిరిగింది. “మా అత్తకు తొంభై ఏళ్లు. కళ్లు కనపడవు. ఆమె కూడా ఒక మూలన కూకోని దీపాలకు ఒత్తులు చేస్తది. పని చెయ్యకండా ఊరికే దొర్లేది నా ఇంట్లో ఏదీ లేదు. ఈ రెంటికీ పని పెట్టు.”

రాదని చెప్పాల్సిన సమయం అదే. మౌలాలీకి అది తెలుసు. నోరు తెరిచాడు కూడా. “చూద్దాం లేమ్మా” అన్న మాట వచ్చింది.

ఆ సాయంత్రం జాన్‌బీ రొట్టెలు కాలుస్తూ అంతా విన్నది.

“బిగించటం నీకు రాదుగా?”

“రాదు.”

“ఆ ముక్క చెప్పొచ్చుగా?”

“చెబుదామనే అనుకున్నా. ఆమె నన్ను చూసిన చూపుకి, వచ్చేమో అనిపిచ్చింది.”

జాన్‌బీ రొట్టె తిరగేసి, “అట్టాంటి చూపు ఇంకోసారి చూస్తే డాక్టరు పని కూడా ఒప్పుకుంటావు” అంది.

శ్రావణంలో మౌలాలీ బెజవాడ వెళ్లి జీపు కొనుక్కొచ్చాడు. కొన్నది సగమే. వెనక నుంచి లారీ ఎక్కితే ఆ భాగం నుజ్జయిపోయి, ముందు సగం మాత్రం నిక్షేపంగా మిగిలిన జీపు అది. కావాల్సిందీ ముందు ఇరుసే కదా అని తీసుకున్నాడు. దాన్ని రైల్లో వెయ్యడం దగ్గర చిక్కొచ్చింది. పార్సిలు గుమాస్తా దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మోటారు అని రాద్దామంటే నాలుగు చక్రాలు లేవు. మోటారు సామాను అని రాద్దామంటే సీటూ స్టీరింగూ ఉన్నాయి, మనిషి ఎక్కి కూర్చోవచ్చు. చివరికి ‘రెండు చక్రాల బండి, ఎద్దులు లేవు’ అని రాసుకుని పంపించాడు. గురజాలలో దింపే వీలు లేక నడికుడిలో దింపారు. అక్కడి నుంచి దాన్ని ఎద్దుల బండి వెనక కట్టి తెస్తుంటే, మిగతా సగం ఎప్పుడొస్తుందని దారి పొడుగునా జనం అడిగారు.

రంగనాయకమ్మ గొడ్లసావిడి ఖాళీ చేయించింది. గేదెలు వానలో నిలబడ్డాయి. మౌలాలీ మొదటి రోజంతా విప్పాడు. రెండో రోజంతా కడిగాడు. కారు ముందు ఇరుసు, జీపు ముందు ఇరుసు, గేరు పెట్టెలు, రాడ్లు, మరలు, అన్నీ తళతళలాడుతూ చాప మీద వరసగా కూర్చున్నాయి. ఊరంతా వచ్చి చూసి పోయింది. పెళ్లిలో సారె సామాను కూడా అంత ముచ్చటగా సర్దరని అన్నారు. మూడో రోజు బిగించాలి. మౌలాలీ వాటిని మళ్లీ కడిగాడు. నాలుగో రోజు కూడా కడిగాడు.

“ఇంకెన్నాళ్లురా స్నానాలు?” అంది రంగనాయకమ్మ గుమ్మంలో నిలబడి.

ఐదో రోజు అల్లా పేరు చెప్పుకుని మొదలుపెట్టాడు. పదిసార్లు పెట్టి పదిసార్లు తీశాడు. ఊరి కమ్మరి కొండయ్య కొలిమి దగ్గర పట్టీలు సాగగొట్టి ఇస్తే, కారు చట్రానికి జీపు ఇరుసును బిగించబోయాడు. అక్కడ ఆగిపోయాడు. ఇరుసులో ఒక పక్కగా, పళ్ల చక్రాలుండే పెద్ద గుండు ఒకటి ఉంటుంది. అది సరిగ్గా కారు ఇంజను ఆయిలు తొట్టికి వచ్చి కొట్టుకుంటోంది. వేలెడు సందు కూడా లేదు. మౌలాలీ వారం రోజులు దాని ఎదుట గొంతుక్కూర్చున్నాడు. ఎనిమిదో రోజున జాన్‌బీ పంపిన క్యారేజీ గిన్నెలు విప్పుతూ, మూత తిరగేసి పెట్టి, ఒక్క ఉదుటున లేచాడు. ఇరుసును తిరగేసి బిగిస్తే గుండు అవతలి పక్కకు పోతుంది!

తిరగేశాడు. అతికినట్టు సరిపోయింది. ఆ రోజు మౌలాలీ అన్నం మరిచిపోయాడు. బిగించే షెడ్డులోకి పాసు లేకుండానే అడుగుపెట్టినట్టుంది అతనికి. ఇంటికి పోయి జాన్‌బీతో, “మోటారు పని వచ్చేసింది” అన్నాడు.

భాద్రపదంలో మంచిరోజు చూసి ఊరి బయట బీడులోకి కారును తోయించారు. బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. పెద్దలు ముందు వరసలో నిలబడ్డారు. రంగనాయకమ్మ డ్రైవరు స్టీరింగు దగ్గర కూర్చుని, హ్యాండిలు తిప్పించి, మొదటి గేరు వేసి వదిలాడు.

నాలుగు చక్రాలూ తిరిగాయి. కారు కదల్లేదు.

ఇంకాస్త పెట్రోలు ఇచ్చాడు. వెనక చక్రాలు వెనక్కి మట్టి ఎగజిమ్మాయి. ముందు చక్రాలు ముందుకు మట్టి ఎగజిమ్మాయి. ముందు వరసలో ఉన్న పెద్దల పంచెలు, తలపాగాలు, నోళ్లూ మట్టితో నిండాయి. కారు మాత్రం పొలిమేర దేవతలా అక్కడే నిలబడి వణుకుతోంది. రివర్సు గేరు వేశారు. ఇప్పుడు ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ జిమ్మడంతో మట్టంతా కారు కిందే పోగుపడింది. మళ్లీ మొదటి గేరు. పావుగంటయ్యేసరికి మామిడి మొక్కలు నాటడానికి తవ్వినట్టు నాలుగు గుంటలు తయారై, కారు వాటిలో ఇరుసుల దాకా దిగి కూర్చుంది.

“ముందువి మాచెర్ల పోదామంటన్నాయి, వెనకవి గుంటూరు పోదామంటన్నాయి” అన్నాడు ఒక పెద్దాయన మట్టి ఉమ్మేసి.

మౌలాలీకి అప్పుడర్థమైంది. ఇరుసును తలకిందులు చేస్తే, దాని తిరుగుడు కూడా తలకిందులైంది. గుంట గట్టున కూలబడ్డాడు.

రంగనాయకమ్మ వచ్చి నాలుగు గుంటలూ తీరిగ్గా చూసింది. “పని చేస్తన్నాయా, లేదా?”

“చేస్తన్నాయమ్మా. నాలుగూ చేస్తన్నాయి. ఒకదానికొకటి ఎదురు చేస్తన్నాయి.” అని, ఇక దాచలేక మొత్తం చెప్పేశాడు. అస్సాం షెడ్డు, కిరసనాయిలు తొట్టి, రోడ్డుకవతలి షెడ్డు, లేని పాసు. “కడగటమే వచ్చమ్మా నాకు. బిగించిన మోటారును లోపలినుంచి చూసిన పాపాన పోలా.”

“తెలుసు” అంది రంగనాయకమ్మ.

మౌలాలీ తలెత్తాడు.

“కడిగిందాన్నే మూడురోజులు కడిగినప్పుడు తెలిసింది. ఏం, వచ్చినోళ్లే చేస్తన్నారా అన్ని పనులూ? మాయన పోయిన్నాడు నాకు దావా అంటే ఏందో తెలవదు. పదకొండేళ్ల నుంచి నడపట్లా? లే. మళ్లీ చెయ్యి.”

మళ్లీ చెయ్యాలంటే ఇరుసును మామూలుగానే బిగించి, ఇంజను మొత్తాన్ని నాలుగంగుళాలు పైకెత్తాలి. దానికి నెలల పని ఉంది. దూలం దావా వాయిదా చూస్తే పది రోజుల్లో ఉంది. పైగా వానలు వదిలేట్టు లేవు.

“ఇప్పటికి ముందు చక్రాల్ని తిప్పే రాడ్డు ఊడదీస్తానమ్మా. కారు ఎప్పటి మాదిరిగా వెనక చక్రాలతో పోద్ది” అన్నాడు మౌలాలీ.

“అంటే ముందువి మళ్లీ ఊరికే దొర్లుతాయా?”

“అవునమ్మా.”

“వద్దు. వెనకవి పదహారేళ్లు చాకిరీ చేశాయి. వాటి రాడ్డే ఊడదియ్యి. ఇయ్యి చేస్తాయి.”

“అప్పుడు కారు వెనక్కి పోద్దమ్మా. మూడు గేర్లూ వెనక్కే. రివర్సు వేస్తేనే ముందుకి, అదీ నడకంత నిదానంగా.”

“ఎనక్కి పోతే గురజాల రాదా?”

“వస్తది.”

“మరింకేం?”

అట్లా, నాలుగు చక్రాలతో లాగే బండి కావాలని బయలుదేరిన కారు మళ్లీ రెండు చక్రాలతో లాగే బండే అయింది. కాకపోతే ఆ రెండూ కాదు, ఈ రెండు. ఈ మాట విన్న పూటే రంగనాయకమ్మ డ్రైవరు అత్తగారి ఊళ్లో అర్జంటు పని ఉందని వెళ్లిపోయాడు. స్టీరింగు మౌలాలీకి వచ్చింది. అతను ఏనాడూ మోటారు నడిపి ఎరగడు. కానీ వెనక్కి నడవడమే నడకైన కారును లోకంలో ఎవరూ నడిపి ఉండరు కాబట్టి, రాదని సిగ్గుపడాల్సిన పని లేకపోయింది. బీడులో వారం రోజులు సాధన చేశాడు. రెండు కంచెలూ ఒక గడ్డివామూ పోయాయి. చెయ్యి కుదిరింది.

వాయిదా రోజున పొద్దున్నే బయలుదేరారు. ముందు రోజంతా కురిసిన వాన అప్పుడే కాస్త తెరిపిచ్చింది. రంగనాయకమ్మ కోర్టు కాయితాల మూట ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. సీటు ఎప్పటిలా బానెట్టు వైపే చూస్తోంది. కారేమో తోక వైపుకు పోతోంది. మౌలాలీ నడుం మెలితిప్పి, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, ఆమె భుజం మీదుగా దారి చూస్తూ నడుపుతున్నాడు. అంత పెద్ద మనిషి మొహంలోకి అన్ని మైళ్లు సూటిగా చూడాల్సి రావడం అతనికి ప్రాణసంకటంగా ఉంది.

“అమ్మా, కొద్దిగా పక్కకి జరగండి. దారి కనపడట్లా.”

ఆమె జానెడు జరిగింది. “మీరు కూడా ఇటు తిరిగి కూర్చుంటే బాగుంటుందేమో” అన్నాడు.

“నేను తిరగను. పోయే దిక్కు నువ్వు చూసుకో. వచ్చిన దిక్కు నేను చూసుకుంటా.”

రెండు మైళ్ల దగ్గర ఎర్రవాగు వచ్చింది. నీళ్లు మోకాలు దాటి తొడల్లోతున పారుతున్నాయి. నడి వాగులో పుల్లయ్య జీపు ఉంది. జీపు బానెట్టు మీద, పంచె ఎగగట్టి, చంకలో కాయితాల మూటతో పుల్లయ్య ఉన్నాడు. అతనికీ ఆ రోజే వాయిదా కదా. జీపు మీద నమ్మకంతో జోరుగా దిగాడు. ఎదుటి నీళ్లను ఇంజను ముందు తిరిగే ఫ్యాను మొత్తం దాని మీదికే చిమ్మింది. జీపు దగ్గి, తుమ్మి, ఊరుకుంది.

మౌలాలీ ఆగలేదు. ఆపడం అంత బాగా రాదు. కారు తోకతో నీళ్లను చీల్చుకుంటూ, నింపాదిగా, జీపు పక్క నుంచే వాగు దాటింది. ఇంజను చిట్టచివర వస్తోంది కాబట్టి దాని మీద చుక్క పడలేదు. అది తన తెలివి కాదని మౌలాలీకి తెలుసు. అవతలి గట్టు ఎక్కాక రంగనాయకమ్మ “ఆపు” అంది.

ఆమె కాయితాల మూట ముడి ఒకసారి విప్పి మళ్లీ కట్టింది.

“మౌలాలీ, తాడు కావాలేమో ఆయన్ని అడుగు.”

“అయ్యా, తాడు కావాలేమో అడగమంటన్నారు!” అని అరిచాడు మౌలాలీ.

“ఎవరు అడగమంటన్నారో అడుగు!” అని పుల్లయ్య.

మౌలాలీ ఆమె వైపు చూశాడు. ఆమె ఆకాశం వైపు చూసింది. ఇక లాభం లేదని అతనే జీపులో ఉన్న తాడు తీసి నీళ్లలో దిగి కట్టాడు. కారు వెనక్కి పోతుంది కాబట్టి దాని ముక్కుకే కట్టాలి. జీపు గురజాల వైపు తిరిగి ఉంది కాబట్టి దానికీ ముక్కుకే కట్టాలి. ముక్కూ ముక్కూ కట్టి లాగితే జీపు నీళ్లోడుతూ గట్టెక్కింది. పుల్లయ్య దాని స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. బయలుదేరారు.

అప్పుడు తెలిసింది వాళ్లకు. ఇంకా మూడు మైళ్లుంది గురజాల. పదకొండేళ్లుగా మొహమొహాలు చూసుకోని వదినా మరిదీ, పదిహేను గజాల తాడుకు చెరో కొసనా, ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. తల తిప్పుకుందామంటే అతను స్టీరింగు వదలకూడదు, ఆమె వచ్చిన దిక్కు చూసుకుంటానని మాటిచ్చింది.

మొదటి మైలు ఇద్దరూ తాడును చూశారు.

“ఆ రోజు హారను కొట్టలేదంటే నీ మీద మర్యాదతోనే వదినా!” అని పుల్లయ్య ఉన్నట్టుండి అరిచాడు. ఇంజను చప్పుడులో అరిస్తే తప్ప వినపడదు.

“కొడితే నీ సొమ్మేం పోయిందయ్యా!” అని ఆమె అంతకంటే గట్టిగా అరిచింది.

ఇక ఆగలేదు. దూలం నుంచి గోడకు, గోడ నుంచి గాదెకు, గాదె నుంచి ఎప్పుడో పగిలిన ఊరగాయ జాడీకి పోయారు. పొలాల్లో పనిచేసుకుంటున్న వాళ్లు నడుం ఎత్తి, వెనక్కి నడిచే కారునూ దానితో ముక్కు కలిపి వచ్చే జీపునూ, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ అంతే దూరంలో ఉండిపోతున్న ఇద్దరినీ చూశారు.

“మీ అన్న పదోరోజుకు ఎందుకు రాలేదు నువ్వు?”

“రావొద్దని కబురు పంపింది నువ్వు కాదా?”

“నేనా? నేను పంపానా?”

“నువ్వు పంపలేదా?”

“నీ ఆకు కూడా ఏశానయ్యా! ఎండిందాకా అట్టాగే ఉంచా!”

పుల్లయ్య మళ్లీ తాడునే చూశాడు. మౌలాలీ చూపు ఆమె భుజం మీదుగా దారి మీదే ఉంది. అయినా చూడక తప్పలేదు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటోంది. వాన ఆగి చాలాసేపయింది. మౌలాలీ, మెడ పట్టేసిందని చెప్పి కాసేపు ఆగుదామా అని అడగబోయి, ఊరుకున్నాడు. నిజానికి మెడ పట్టేసింది కూడా.

గురజాల చేరగానే ఒక కానిస్టేబులు పరుగున వచ్చాడు. రెండు మోటార్లు ముక్కూ ముక్కూ కలిసి ఉండడం చూసి గుద్దుకున్నాయనుకున్నాడు. జేబులోంచి పుస్తకం తీశాడు.

“ఎవరు ఎవర్ని గుద్దారు? ఎప్పుడు గుద్దుకున్నారు?”

“పదకొండేళ్లయింది నాయనా. అడ్డం లే” అంది రంగనాయకమ్మ.

కోర్టు చేరేసరికి పన్నెండు దాటింది. ప్లీడర్లిద్దరూ పంచలో దిగాలుగా నిలబడి ఉన్నారు. పదకొండింటికి కేసు పిలిచారట. వాదీ లేదు, ప్రతివాదీ లేడు. ఇద్దరూ రాలేదని కేసు కొట్టేశారట. మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చు, మొదటి నుంచి మొదలెట్టొచ్చు అని ఇద్దరు ప్లీడర్లూ ఒకే గొంతుతో ధైర్యం చెప్పారు.

“ఇంతకీ దూలం ఎవరిదైనట్టు?” అన్నాడు పుల్లయ్య.

రంగనాయకమ్మ కాయితాల మూట చంకలో పెట్టుకుంది. “ముందు ఏమన్నా తిందాం పదవయ్యా. పొద్దున్నించీ అరిచి అరిచి గొంతు పోయింది.”

మర్నాటి నుంచి మౌలాలీకి పుల్లయ్య గేటు తెరుచుకుంది. వదిన కోరిక మీద పుల్లయ్య తన జీపు చూపించడానికి ఒప్పుకున్నాడు. “చూడు. పండుకోని చూడు. పానా మాత్రం పట్టుకోబాకు” అని పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. మౌలాలీ జీపు కింద వెల్లకిలా పడుకుని రోజంతా చూశాడు. తాను మూడేళ్లు తోమిన ప్రతి సామానూ తన తన చోట కూర్చుని ఉంది. ప్రతిదాన్నీ గుర్తుపట్టి, పేరు పెట్టి పలకరించాడు. ఎవరితో మాట్లాడుతున్నావని పుల్లయ్య వంగి రెండుసార్లు అడిగాడు.

పని ముగిసేసరికి వైశాఖం వచ్చింది. ఇంజను నాలుగు టేకు దిమ్మెల మీద ఎత్తుకుని కూర్చుంది. బానెట్టు మూతపడదు. అయితే నాలుగు చక్రాలూ ఒకే దిక్కుకు తిరిగాయి. మౌలాలీ ఒక్కో చక్రం దగ్గరా గొంతుక్కూర్చుని, అటే తిరుగుతోందని తన కళ్లతో తాను చూసుకుని, అప్పుడు లేచాడు.

ఒకటే చిక్కు. వేసవి ఎండలకు ఎర్రవాగు ఎండి ఇసక తేలింది. రేగడి బాట బండరాయిలా ఉంది. ఆ బాట మీద కారు నాలుగు చక్రాలతో పోతోందో రెండింటితో పోతోందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఊరివాళ్లు బాగానే ఉందన్నారు గానీ, ఆ అనడంలో పస లేదు. రంగనాయకమ్మ మొహం చిన్నబోయింది.

“నా దిగువ చేలో బురద చేయిస్తాలే వదినా” అన్నాడు పుల్లయ్య.

రెండు రోజులు అతని ఆయిలింజను దడదడలాడింది. బావిలో నీళ్లన్నీ చేలోకి వచ్చాయి. మూడో నాటికి మోకాల్లోతు బురద తయారైంది. వైశాఖమాసంలో, ఊళ్లో తాగే నీళ్లకు మైలు నడిచే రోజుల్లో, బురద చూడ్డానికి జనం విరగబడి వచ్చారు. కాళ్లు పెట్టి చల్లగా ఉందన్నారు. మౌలాలీ స్టీరింగు పట్టాడు. ఈసారి మెడ ముందుకే ఉంది. జాన్‌బీ గట్టు మీద పైట చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. కారు చేలోకి దిగింది. ఒక్క క్షణం ఆగి, నాలుగు కాళ్లూ కూడదీసుకుని, బురదను దున్నుకుంటూ అవతలి గట్టెక్కేసింది.

“ఇంకోసారి” అంది వెనక సీట్లోంచి రంగనాయకమ్మ.

ఇంకోసారి దాటింది. పుల్లయ్యను ఎక్కించుకుని ఒకసారి, తొంభై ఏళ్ల అత్తను ఎక్కించుకుని ఒకసారి దాటింది. పొద్దువాలేసరికి చేను మొత్తం నాలుగు చాళ్లు దమ్ము చేసినట్టయింది. పుల్లయ్య అందులోనే నారు పోశాడు.

ఆ తర్వాత నెల రోజులకు మౌలాలీ కొట్టుకు పెదకూరపాడు నుంచి ఒక మనిషి వచ్చాడు. అంత దూరమూ తొక్కుకుంటూ వచ్చిన సైకిలును గోడకు ఆనించి, చెమట తుడుచుకున్నాడు.

“మౌలాలీ భాయ్ అంటే మీరేగా? వెనక చక్రమే లాగుతోందండీ దీనికి. ముందుది ఊరికే దొర్లుతోంది.”

కొట్టు వెనకే ఉన్న ఇంట్లోంచి జాన్‌బీ గిన్నె కింద పెట్టిన చప్పుడు గట్టిగా వినిపించింది. మౌలాలీ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి ముందు చక్రం పైకెత్తి, వేలితో తిప్పి, అది ఆగేదాకా చూశాడు.

“పెట్టిపోండి. శుక్రవారం నమాజు ఉంటది, అది తప్ప ఏ రోజైనా రండి” అన్నాడు.